తెల్లారుజామున తలుపు బాదితే పరిచయమా?

తెల్లవారక ముందే బస్తీకి రెండు వైపులా జీపులు అడ్డం పెడతారు. గల్లీ గల్లీకీ పోలీసులు. తలుపులు దబదబలాడతాయి. నిద్రమొహాలతో ఆడవాళ్లు కొంగులు సర్దుకుంటూ ఆధార్ కార్డు వెతకాలి. మగపిల్లలు వీధిలో నిలబడి వేలిముద్రలివ్వాలి. మర్నాడు పేపర్లో చిన్న వార్త: సరైన పత్రాలు లేని ద్విచక్ర వాహనాలు స్వాధీనం. దీన్ని ఒకప్పుడు కార్డన్ సెర్చ్ అన్నారు. తర్వాత కమ్యూనిటీ కాంటాక్ట్ ప్రోగ్రాం అని పేరు మార్చారు.

ఆ పేరే నాకు ఒళ్లు మండిస్తుంది. జనంతో పరిచయం పెంచుకునే తీరు ఇదా? హైదరాబాద్‌లో ఇది బస్తీలకే ఎందుకు వస్తుంది, జూబ్లీహిల్స్ బంగళాల గేట్లు ఎందుకు తట్టదు? ఇల్లు సోదా చేయాలంటే కారణం ముందే కాగితం మీద పెట్టాలని పాత సీఆర్‌పీసీ 165వ సెక్షన్ చెప్పింది. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 185వ సెక్షన్ కూడా అదే అంటోంది. ఒక వీధిలోని ఇళ్లన్నిటికీ కలిపి ఏ కారణం రాస్తారు? అక్కడ పేదవాళ్లుంటారనా?

మా గల్లీలో ఇంటింటికీ తిండి పొట్లాలు చేరవేసే పిల్లగాడున్నాడు. సెకండ్ హ్యాండ్ బండి, ఆర్‌సీ ఇంకా పాత ఓనరు పేరు మీదే ఉంది. అలాంటి ఒక తెల్లారుజామున బండి పోయింది. మూడు రోజులు పని లేదు, కూలి లేదు. తర్వాత కొన్నాళ్లకు అదే గల్లీలో ఒకామె మెడలో గొలుసు తెంచుకుపోయారు. తెంచినవాడి మొహం ఈ పిల్లగాడు చూశాడు. పోలీసులు అడిగితే మాత్రం తెలీదన్నాడు. ఎందుకురా అంటే, “చెప్తే ముందు నన్నే కూసోబెడతరన్నా” అన్నాడు.

వాడి భయం వట్టిది కాదు. 2023లో మెదక్‌లో గొలుసు దొంగతనం కేసులో, సీసీ కెమెరాలో కనబడిన మనిషిలా ఉన్నాడన్న అనుమానంతో ఒక కూలీని పట్టుకుపోయారు. తనను కొట్టారని చెప్పుకున్న ఆ మనిషి గాంధీ ఆస్పత్రిలో చనిపోయాడు. కెమెరా ఉపయోగపడదని నేననను. కానీ అది చూపించేది ఒక మొహాన్నే. ఆ మొహం ఎవరిదో, ఆ వేళ ఆ మనిషి ఎక్కడున్నాడో చెప్పాల్సింది వీధిలోని మనుషులు. వాళ్ల నోళ్లు మూయించి, 2022లో బంజారాహిల్స్‌లో అంత ఎత్తున కమాండ్ కంట్రోల్ సెంటర్ కట్టి ఏం లాభం?

పాతబస్తీ మాట చెప్పనక్కరలేదు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తర్వాత పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకెళ్లారు. చిత్రహింసలు పెట్టారని రాష్ట్ర మైనారిటీ కమిషన్ తరఫున విచారణ జరిపిన న్యాయవాది నివేదిక ఇచ్చారు. పేలుడుతో వాళ్లకు సంబంధం లేదని చివరికి ప్రభుత్వమే ఒప్పుకుని పరిహారం ప్రకటిస్తే, హైకోర్టు దాన్నీ కొట్టేసింది. తర్వాత వేరే నిందితుల మీద సాగిన పేలుడు కేసు 2018లో వాళ్ల విడుదలతో ముగిసింది. చనిపోయినవాళ్లకు న్యాయం అందలేదు, జైలుకెళ్లిన పిల్లలకు పోయిన ఏళ్లు తిరిగి రాలేదు. ఆ వీధుల్లో ఏ తల్లి పోలీసును నమ్మి నోరు విప్పుతుంది?

అసలు నమ్మి వెళ్లినవాళ్లకు దక్కిందేమిటి? 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర కూతురు కనిపించడం లేదని ఒక కుటుంబం రాత్రిపూట స్టేషన్‌కు పరిగెత్తితే, ఇది మా పరిధి కాదని ఇంకో స్టేషన్‌కు తిప్పారు. ఆలస్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. ఆ అమ్మాయిపై అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులను తొమ్మిదో రోజున పోలీసులు చటాన్‌పల్లిలో కాల్చి చంపితే మనం పూలు చల్లాం. చంపాలనే కాల్చారని 2022లో సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. పూలు చల్లిన చేతులతో ఆ రాత్రి ఫిర్యాదు ఎందుకు తీసుకోలేదో అడుగుతూ ఒక్క అర్జీ రాశామా?

అర్జీ ఎవరికివ్వాలో కూడా తెలియకుండా చేశారు. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. మీ వార్డు కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో కార్పొరేటర్‌ని అడిగి చూడండి. కమిటీల సంగతి అటుంచి, ఎన్నికలే సకాలంలో పెట్టరు. జీహెచ్ఎంసీ పాలకమండలి గడువు 2014 డిసెంబరులో తీరితే 2016 ఫిబ్రవరి దాకా ఎన్నిక లేదు. తెలంగాణ సర్పంచుల గడువు 2024 మొదట్లో ముగిస్తే 2025 డిసెంబరులో గానీ ఓట్లు పడలేదు. అంతకాలం ఊళ్లను ప్రత్యేకాధికారులు ఏలారు. వెలగని వీధిదీపం గురించి, మూలమీది కల్లు దుకాణం గురించి, రాత్రి తొమ్మిది దాటితే రాని బస్సు గురించి ఆడవాళ్లు ఎవరి గుమ్మం ఎక్కాలి? చీకటి మూల దగ్గర భయపడేది వాళ్లు. ఆ మూల ఎక్కడుందో ఏ అధికారి కన్నా బాగా తెలిసిందీ వాళ్లకే.

నేనడిగేది ఇంతే. వార్డు కమిటీ నెలకోసారి కూర్చోవాలి, మూసిన గదిలో కాదు, బస్తీ కమ్యూనిటీ హాల్లో. పాచిపని చేసేవాళ్లు, ఆటోవాళ్లు, కిరాయికుండేవాళ్లు, మసీదు గల్లీవాళ్లు, మాల మాదిగ వాడలవాళ్లు అందులో సభ్యులు కావాలి. పార్టీ కండువాల లెక్కన పేర్లు నింపొద్దు. స్టేషన్ ఇన్‌స్పెక్టర్ వచ్చి అందరితోపాటు అదే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవాలి. ఆ నెలలో ఎవరిని పట్టుకున్నారో, ఎందుకో, ఎవరి ఫిర్యాదు తీసుకోలేదో చెప్పాలి.

మొదటి ప్రశ్న మా గల్లీ పిల్లగాడు అడగాలి: “నా బండి ఎందుకు పట్టుకపోయిన్రు సార్?”