నాలుగు చక్రముల బలము ఎవరికి అవసరము?

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ఆరంభమైన నాటి నుండి మన పల్లెలకు జీపు పరిచయమైన బండి. నాడది సర్కారు బండి. నేడు రైతులే అటువంటి బండిని కొన దలచుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయమే. కాని పొలము తాకట్టు పెట్టి, అప్పు చేసి కొనునపుడు, ఆ బండి తన దారికి అవసరమా కాదా అని రైతు ముందుగా ఆలోచించుకొనవలెను.

మామూలు కారులో ఇంజను బలము రెండు చక్రములకే పోవును. వానిలో ఒకటి బురదలో జారినచో బలమంతయు దానికే పోయి బండి కదలదు. ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో మిగిలిన ఇరుసునకు కూడ బలము అందును. దీనికి తోడు ‘లో రేంజి’ గేరు ఉన్నచో, ఎద్దు అడుగులో అడుగు వేసి బరువు లాగినట్లు బండి నిదానముగా, గట్టిగా లాగును.

వానకాలములో నల్లరేగడి డొంకల మీద, ఏజెన్సీ కొండదారుల మీద, ఏటి ఇసుకలో నిత్యము తిరుగువారికి ఈ బండి అవసరమే. ఊరి వరకు తారు రోడ్డు, పొలము వరకు కంకర బాట ఉన్నవారికి మాత్రము నేలకు తగినంత ఎత్తుగల మామూలు బండి, మంచి టైర్లు చాలును. ఏడాదికి పది దినములు దిగబడు దారి కొరకు ఎక్కువ ధర, ఎక్కువ ఇంధనము, ఎక్కువ మరమ్మతు ఖర్చు నెత్తిన వేసుకొననేల? ఆ పది దినములు ఇంటి ట్రాక్టరే గట్టెక్కించును.

కొనువారు పేరును, ఆకారమును చూచి మోసపోరాదు. 2020లో వచ్చిన కొత్త థార్ నాలుగు చక్రముల బలముతోనే వచ్చినది. 2023లో వెనుక చక్రములకు మాత్రమే బలమిచ్చు రకము కూడ అదే పేరుతో వచ్చినది. కావున మీరు కొను బండి ఏ రకమో, లో రేంజి ఉన్నదో లేదో అడిగి, రసీదులో వ్రాయించుకొనుడు. విడిభాగములు, తెలిసిన మెకానిక్కు దగ్గర పట్టణములో దొరకునో లేదో విచారించుడు. వీలైనచో మీ డొంకలోనే నడిపి చూచిన పిమ్మట సొమ్ము చెల్లించుడు. టైర్లను కూడ పరీక్షించుడు. రేగడి మన్ను గాళ్ళలో నిండి నున్నబడిన టైరుతో నాలుగు చక్రములును కలసి జారును.

మీట వేసి నడుపు బండ్లలో, దిగబడిన తరువాత కాక, బురదలో దిగక మునుపే మీట వేయవలెను. పొడి తారు రోడ్డు మీదికి రాగానే తీసివేయవలెను. మలుపులలో ముందు చక్రములు, వెనుక చక్రములు సమాన దూరము తిరుగవు. మీట తీయనిచో ఇరుసుల మీద, గేర్ల మీద ఒత్తిడి పడి అవి చెడిపోవును.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటి కలదు. ఈ బండి ముందుకు లాగుటకే గాని ఆపుటకు ఎక్కువ శక్తి గలది కాదు. మామూలు కారుకును బ్రేకులు నాలుగు చక్రములకే ఉన్నవి. పొంగిన వాగు దీనిని గౌరవింపదు. అడుగు లోతు వడినీరు చిన్న కారును, రెండడుగుల వడినీరు పెద్ద బండిని సయితము కొట్టుకొని పోగలదు. చప్టా మీద నీరు పారుచుండగా ఒడ్డున ఆగినవాడే తెలివిగల డ్రైవరు.

గ్రామాధికారులకు కూడ ఒక మనవి. ప్రతి చప్టా వద్ద నీటి లోతు తెలుపు గుర్తురాళ్ళు నాటించి, వరదవేళ దారికి అడ్డు కట్టించుడు. డొంకకు కంకర పోయించి, ఇరుప్రక్కల మురుగుకాలువలు తీయించుడు. ఒక్క రైతు కొన్న గొప్ప బండి ఆ ఇంటికే ఉపయోగము. బాగుపడిన బాట మీద ఊరి పంటంతయు మార్కెట్టుకు చేరును.