బండి సంగతులు: ఛోటా హాథీకి పొద్దున పది నిమిషాలు

పోయిన మే నెలలో మా వాడ అన్న ఒకాయన బండి షోలాపూర్ అక్కల్‌కోట్ రోడ్డు మీద ఆగిపోయింది. ఇరవై ఏండ్లు సాంచాల మీద పనిచేసి, పని తగ్గినంక పాత ఛోటా హాథీ కొనుక్కున్నాడు. కార్ఖానా నుంచి టవళ్ళ బేళ్ళు ట్రాన్స్‌పోర్టుకు చేరవేస్తాడు. ఆ రోజు వేడి చూపించే ముల్లు పైకి పోతుంటే చూశాడు. "ఇంకో రెండు కిలోమీటర్లే కదా, మాల్ దింపినంక చూద్దాం" అనుకున్నాడు. ఆ రెండు కిలోమీటర్లలోనే హెడ్ గాస్కెట్ పోయింది. రిపేరుకు రెండు వారాలు బండి నిలబడ్డది. హప్తా మాత్రం నిలబడలేదు.

మిస్త్రీ రేడియేటర్ విప్పి చూపించాడు. బయట జాలీ నిండా దూది నూగు, దుమ్ము కలిసి బొంత లెక్క పట్టుకుంది. లోపల బోరు నీళ్ళ సున్నపు పొర. అటు గాలి ఆడలేదు, ఇటు నీళ్ళు ఆడలేదు. ఇంజను చల్లబడేదెట్లా?

సాంచా నడిపినవాళ్ళకు ఈ సంగతి కొత్త కాదు. నూనె పెట్టకుండా, నూగు దులపకుండా సాంచా నడిపిస్తామా? బండి కూడా అంతే. 2005లో వచ్చిన మొదటి ఛోటా హాథీకి ఉన్నది రెండు సిలిండర్ల, 702 సిసి డీజిల్ ఇంజను. చిన్న ఇంజనుకు పట్టే నూనె కూడా తక్కువే. అందుకే కాస్త తగ్గినా ఊరుకోవద్దు.

పొద్దున బండి తీసే ముందు, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, చదునైన చోట ఇవి చూడండి.

మొదట ఇంజను ఆయిల్. కొలిచే కడ్డీ తీసి తుడిచి, మళ్ళీ పెట్టి తీయండి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి. తక్కువైతే ఎంత నష్టమో, పై గుర్తు దాటినా అంతే నష్టం. డీజిల్ బండిలో ఆయిల్ తొందరగా నల్లబడుతుంది, దానికి భయపడొద్దు. కానీ పాలు కలిపిన చాయ్ రంగులో కనబడితే మాత్రం నీళ్ళు చేరినట్టే. బండి స్టార్ట్ చేయకుండా మిస్త్రీని పిలవండి.

తర్వాత కూలెంట్. డబ్బాలో గుర్తు వరకు ఉందా చూడండి. తగ్గితే బోరు నీళ్ళు పోయొద్దు. చాయ్ గిన్నెలో తెల్లగా అట్టకట్టేది రేడియేటర్‌లో కూడా కడుతుంది. కూలెంటు తుప్పు పట్టనీయదు, నీళ్ళు తొందరగా మరగనీయదు. మీ బండికి చెప్పిన రకమే కొనండి. కలపాల్సిన రకమైతే డిస్టిల్డ్ వాటర్‌తోనే కలపండి.

మూడోది బెల్టు. చీలికలు, పోగులు లేచిన గుర్తులు ఉంటే తెగేదాకా ఆగొద్దు. బండి కింద నేల మీద ఆయిల్, నీళ్ళ మరకలు కూడా ఒకసారి చూడండి.

ఇక వారానికి ఒకసారి పని. రేడియేటర్ జాలీ మీది నూగును మెత్తని బ్రష్షుతోనో, తక్కువ ఒత్తిడి గాలితోనో తీయండి. గట్టిగా రుద్దితే రేకులు వంగుతాయి. ఎయిర్ ఫిల్టర్ కూడా తీసి చూడండి. కార్ఖానాల మధ్య తిరిగే బండికి అది తొందరగా నిండుతుంది. నల్ల పొగ, పికప్ తగ్గడం దాని గుర్తులే. కాగితం ఫిల్టర్‌ను నీళ్ళతో కడగొద్దు. డీజిల్ బండైతే డీజిల్ ఫిల్టర్‌లో చేరిన నీళ్ళు ఎట్లా వదలాలో మీ మిస్త్రీ దగ్గర ఒకసారి చూసి నేర్చుకోండి.

దారిలో ముల్లు ఎర్ర గీత వైపు పోతే ఏం చేయాలి? పక్కకు తీసి బండి బంద్ చేయాలి. మూత తీయొద్దు. లోపల ఒత్తిడి మీద ఉన్న మరుగు నీళ్ళు మొఖం మీదికి ఎగజిమ్ముతాయి. వేడి ఇంజను మీద చల్ల నీళ్ళు పోసినా హెడ్డు పగలొచ్చు. పూర్తిగా చల్లబడేదాకా ఆగండి. సేఠ్ తొందర పెడితే పెట్టనీయండి. ఆయన మాల్ గంట ఆలస్యమైతది. మన ఇంజను పోతే ఇల్లే ఆగుతది.

పాత బండి కొన్నవాళ్ళు అమ్మినవాళ్ళ మాట నమ్మి ఊరుకోకుండా, మొదటి వారంలోనే ఆయిల్, ఫిల్టర్లు మార్పించండి. మార్చిన తారీఖు, కిలోమీటర్లు ఒక నోటుబుక్కులో రాయండి. మళ్ళీ ఎప్పుడు మార్చాలో బండితో వచ్చే పుస్తకంలో ఉంటుంది. ఇంట్లో హప్తాల లెక్క చూసే అక్కలు, చెల్లెళ్ళు ఈ లెక్క కూడా పక్కనే రాస్తే ఇంకా మంచిది. మగవాళ్ళు మరిచిపోయినా నోటుబుక్కు మరిచిపోదు.

ఆ అన్న బండి మళ్ళీ నడుస్తున్నది. ఇప్పుడు పొద్దున చాయ్ తాగే ముందే సీటు లేపి ఇంజను చూస్తున్నాడు.

వచ్చే నెల బ్రేకులు, టైర్ల సంగతి మాట్లాడుకుందాం.