సీసాకి తనిఖీ, తీరానికి టెండరు

అండమాన్ మీద తెలుగులో నేను చదివిన యాత్రాకథనాల్లో జాలీ బాయ్ దీవికి ఒక పేరా తప్పక ఉంటుంది. వండూర్ జెట్టీ దగ్గర సంచులు వెతికారనీ, నీళ్ల సీసాకి డిపాజిట్ కట్టించుకున్నారనీ మెచ్చుకుంటూ రాస్తారు. చివర్లో, ప్రకృతిని కాపాడటం వీళ్లని చూసి నేర్చుకోవాలని ఓ ముక్తాయింపు. నేనూ ఆ పడవెక్కినవాణ్నే. నియమాలు మంచివే. నా పేచీ ఆ ముక్తాయింపుతో.

మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్ 1983లో ఏర్పడింది. 15 దీవులు, సుమారు 280 చదరపు కిలోమీటర్లు. యాత్రికుల్ని తీసుకెళ్లేది రెండిటికే, అదీ వంతులవారీగా: కొన్ని నెలలు జాలీ బాయ్, కొన్ని నెలలు రెడ్ స్కిన్. ఒడ్డున పడున్న పగడపు ముక్క జేబులో వేసుకున్నా నేరమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఉన్న షెడ్యూల్లోనే పగడమూ ఉంది.

అదే కేంద్రపాలిత ప్రాంతంలో దక్షిణపు కొసన గ్రేట్ నికోబార్ ఉంది. షోంపెన్‌లు, నికోబారీలు ఉండే దీవి. అక్కడి గలాతియా తీరంలో లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెడతాయి. 1997 నుంచీ అది అభయారణ్యం. 2021 జనవరిలో ఓడరేవు కోసం ఆ హోదా తీసేశారు. మరుసటి ఏడాది దాదాపు 130 చదరపు కిలోమీటర్ల అడవిని ప్రాజెక్టుకి ఇవ్వడానికి తొలి అనుమతి వచ్చింది. బదులుగా మొక్కలు ఎక్కడ నాటుతారట? హర్యానాలో! ఇక పగడాలంటారా, 16 వేలకు పైగా కాలనీల్ని పెకలించి వేరేచోట పెడతారట.

ఒక్క ముక్క నేను తీస్తే నేరం. వేల కాలనీలు ప్రభుత్వం తీస్తే పథకం.

దేశానికి రేవు అక్కర్లేదా, రక్షణ అక్కర్లేదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, వాదించుకుందాం. కానీ అవసరం పడగానే చెరిపేసే హద్దుని సంరక్షణ అని ఎలా పిలవడం? అలా అయితే వండూర్ పార్కు కూడా ఇంకా ఎవరి అవసరమూ పడని చోటు, అంతే.

యాత్రికుడి సంచి వెతకడం తేలిక, అతను ఎదురుచెప్పడు. ఆ తనిఖీకి మనం రాసే పొగడ్త, పెద్ద ప్రశ్న అడగకుండా తప్పించుకోవడానికి పనికొస్తోంది. అందుకే జాలీ బాయ్ నీళ్ల రంగు గురించి రాసేవాళ్లని ఒకటే అడుగుతున్నాను: పక్క పేరాలో గలాతియా పేరు కూడా రాయండి.