కాంతికి గట్టు వేయవలెను

వాన యెంత కురిసినను గట్టులేని చేనిలో పదును నిలువదు. సూర్యరశ్మి విషయమునను ఇదే న్యాయము. మన దేశమున ఎండకు కొదవ లేదు. దానిని పట్టి నిలుపు నేర్పునకే కొదవ. 2017లో కర్నూలు సీమయందు వేయి మెగావాట్ల సౌరక్షేత్రము నెలకొన్నది మొదలు మన రైతులును ఈ నల్లని పలకల నెఱుగుదురు. వానిలోని సిలికాన్ గుణదోషములను విచారించువారు మాత్రము అరుదు.

సిలికాన్ నీలికాంతిని పైపొరలోనే మ్రింగివేయును. ఎఱ్ఱని కాంతిని, కంటికి గానరాని పరారుణ కాంతిని సులభముగా గ్రహింపదు. కావుననే సామాన్యపు పలకలకు సుమారు 150 మైక్రాన్ల మందముగల బిళ్ళలను కోయుచున్నారు. ఆ కోతలో కొంత సరకు పొడియై వ్యర్థమగును. పలుచని పొరల విధానమున ఒకటి రెండు మైక్రాన్లును, స్ఫటికరహిత సిలికాన్ అయినచో మైక్రానులో మూడవ వంతును చాలును. సరకు మిగులును గాని, వెలుగు పట్టువడక వెనుకకు జాఱిపోవును.

దీనికి ఉపాయము లేకపోలేదు. జింకు ఆక్సైడు వంటి పారదర్శకపు పూతను గరుకు చేసినచో కిరణము నిట్టనిలువుగా గాక ఏటవాలుగా లోనికి చొచ్చును. వెనుకనున్న వెండిపూత దానిని త్రిప్పి పంపును. అట్లు మరలిన కిరణము పైతలమును ఏటవాలుగా దాకి తిరిగి లోనికే వచ్చును. ఆదర్శస్థితిలో ఈ విధముగా కాంతి నడచు దూరము సుమారు 50 రెట్లు పెరుగగలదని 1982లో యాబ్లొనోవిచ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు గణించి చూపెను.

అయితే గరుకుదనము మితిమీఱిన చేటు. నిశితమైన లోయలలో పెరుగు సిలికాన్ బీటలువారి విద్యుత్తును నష్టపఱచును. మఱియు స్ఫటికరహిత సిలికాన్ ఎండలోనే కొంత నీరసించునని 1977లో స్టేబ్లర్, రాన్‌స్కీలు కనుగొనిరి. పొర పలుచనైనకొలది ఆ నీరసము తగ్గును. వెలుగును పట్టు నేర్పున్నగాని పొరను పలుచన చేయ వీలులేదు. కావున ఈ రోగమునకును ఆ నేర్పే కొంత ఔషధము.

“బిళ్ళలు చవుకయైనవి, పలుచని పొరల కంపెనీలు పెక్కు మూతబడినవి, ఇంక ఈ శ్రమ యెందులకు?” అని కొందఱందురు. మూతబడిన మాట నిజమే. కాని ఆ చవుక ఎవరి చేతిలో నున్నది? సౌరఫలకముల తయారీలో ప్రతి దశయందును చైనా వాటా నూటికి 80 పాళ్ళు మించినదని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022లో ప్రకటించెను. పరుల అంగడిలోని చవుక పరుల చిత్తమున్నంత వఱకే. అదియును గాక, మందపు బిళ్ళలను ఇంకను పలుచన చేయదలచినను ఈ విద్యయే శరణ్యము. వెలుగు బాగుగా పట్టువడినకొలది అంతే విద్యుత్తునకు తక్కువ నేల చాలును. చేను చేనుగానే మిగులును.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. 1876లో మహేంద్రలాల్ సర్కారు కలకత్తాలో స్థాపించిన విజ్ఞానసంస్థయందే రామను 1928లో చెదరు కాంతి రహస్యమును కనుగొనెను. స్ఫటికరహిత సిలికాన్‌పైని అచ్చటనే మన శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి పరిశోధించిరి. పలకలను బిగించుటకు వెచ్చించు ధనములో కొంత భాగమైనను ఇట్టి పరిశోధనకు ప్రభుత్వములు కేటాయింపవలెను. ఎండ మనది, దానిని పట్టు విద్యయు మనది కావలయును.