గుండె లావు

పాత కావ్యాల్లో 'లావు' అంటే బలం. గుండె గోడ లావెక్కిందని ఎకో రిపోర్టు చెప్పగానే మా వీధి పెద్దాయన ఆ అర్థమే తీసుకున్నారు. రక్తపోటు మాత్రలు మానేస్తానన్నారు! తెలుగు చెప్పుకునేవాణ్ణి గనుక ఆ మాటకు టీక చెప్పడం నా వంతైంది.

పుట్టిన కొన్నాళ్లకే గుండెకండ కణాలు రెండుగా చీలడం దాదాపు మానేస్తాయి. ఆపైన పని పెరిగితే కొత్త కూలీలు రారు. ఉన్నవాళ్లే ఒళ్లు పెంచాలి. రక్తపోటు ఏళ్లతరబడి హెచ్చుగా ఉంటే కణంలో కాల్షియం సందడి ముదిరి, కాల్సిన్యూరిన్ అనే ఎంజైము మేలుకుంటుంది. అది ఎన్‌ఫాట్ అనే ప్రొటీనుకున్న ఫాస్ఫేటు బేడీలు ఊడదీస్తుంది. బేడీలు వీడిన ఎన్‌ఫాట్ కణకేంద్రంలోకి పోయి, గాటా-4 అనే మరో ప్రొటీనుతో జతకట్టి జన్యువుల్ని తట్టిలేపుతుంది. వాటిలో కొన్ని ఎప్పుడో తల్లికడుపులో పనిచేసి నిద్రపోయినవి. ముసలిగుండెకు పసివేషాలన్నమాట!

1998లో అమెరికాలో ఎరిక్ ఓల్సన్ బృందం ఈ దారి బయటపెట్టింది. కాల్సిన్యూరిన్ ఎడతెగక పనిచేసేట్టు చేసిన ఎలుకల గుండెలు రెండు మూడింతలై, చివరకు చతికిలబడ్డాయి.

వ్యాయామం చేసేవారికీ గుండె పెరుగుతుంది గాని, ఆ కబురు నడిచే దారి చాలావరకు వేరు. రక్తపోటుతో ఎక్కిన లావు, మాత్రలు వదలకుండా వేసుకుంటే, చాలామందిలో కొంత దిగుతుంది.