స్నానాలగదిలో గ్యాసు పొయ్యి ఎందుకండీ?

మన సాఫ్టువేరు జనానికో అలవాటుంది. ఊళ్ళో అమ్మానాన్నలకి ఏం కావాలన్నా హైదరాబాదులోనో డల్లాసులోనో కూర్చుని ఆన్‌లైన్లో కొనేసి, అడ్రసు దగ్గర అంబాజీపేట అని కొట్టి, "పంపించేశాను, ఎవరిచేతనైనా బిగించుకోండి" అంటాం. మిక్సీలూ ఫ్యాన్లూ అయితే ఫరవాలేదు. గ్యాసు గీజర్లు కూడా అలాగే పంపుతున్నామే, అదీ నా బాధ. దాన్ని స్నానాలగదిలోంచి తీయించేసి కరెంటుది పెట్టించండి అని చెప్పడానికే ఈ టపా.

మా ఇంట్లో మార్చడానికి నాకు రెండు నెలలు పట్టింది. పని రెండు రోజులే, మిగతాదంతా నాన్నగారితో వాదన. పక్కవీధిలో ఎవరింట్లోనో చూసి ముచ్చటపడి పెట్టించుకున్నారాయన. కుళాయి తిప్పగానే వేడినీళ్ళు, కరెంటు ఉన్నా లేకపోయినా వేడినీళ్ళు. "కొబ్బరి మట్ట తీగమీద పడితే చాలు కరెంటు పోతుంది. నీ గీజరు పెట్టుకుని నేను ధనుర్మాసంలో చన్నీళ్ళు పోసుకోవాలా?" అన్నారు. కోనసీమలో ఉన్నవాడెవడూ ఈ మాట కొట్టిపారెయ్యలేడు. చెట్ల మధ్యనుంచే కదా మాకు తీగలన్నీ.

పైగా గ్యాసు చవకట. సరే, లెక్కలు మన వృత్తి కాబట్టి వేసి చూపించాను. బక్కెట్టు 15 లీటర్లు, 25 డిగ్రీల నీళ్ళని 41 డిగ్రీలకి తేవాలి. దానికి 0.28 యూనిట్ల వేడి కావాలి. కరెంటు గీజర్లో కాస్త వృథా కలుపుకుని 0.35 యూనిట్ అనుకుందాం. యూనిట్ 8 రూపాయలేసుకున్నా 2 రూపాయల 80 పైసలు. 14.2 కిలోల సిలిండరు 900 అనుకుని, మంటలో ఐదోవంతు వేడి పొగతో పోతుందనుకుంటే, అదే బక్కెట్టుకి గ్యాసు ఖర్చు రూపాయిన్నర పైన, రెండులోపు. తేడా స్నానానికి ఓ రూపాయి. ఇద్దరు మనుషులు, నాలుగు నెలల చలికాలం, ఏడాదికి 250 రూపాయలు కూడా అవ్వదు. మన ఆఫీసు క్యాంటీన్లో ఒకపూట బిల్లు. ఈ చవకకోసమా ఇంత గొడవ?

కానీ అసలు విషయం ఖర్చు కాదు, గాలి. ఆ లెక్క ఎవరూ వెయ్యరు.

నిమిషానికి ఐదారు లీటర్లిచ్చే మామూలు గ్యాసు గీజరు మంట సుమారు 10-12 కిలోవాట్లుంటుంది. వంటింట్లో పెద్ద బర్నరుకి మూడు నాలుగు రెట్లు. కిలో గ్యాసు సరిగ్గా మండాలంటే 12, 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. అంటే పది నిమిషాల స్నానానికి ఆ మంట దాదాపు రెండు ఘనపు మీటర్ల గాలి తాగుతుంది. ఇప్పుడు మన స్నానాలగది కొలవండి. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు. మొత్తం కలిపి ఎనిమిది ఘనపు మీటర్లు. ఒక్క స్నానానికి గదిలో గాలి నాలుగోవంతు హాంఫట్. సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలుండి ఒకరి తర్వాత ఒకరు వరసగా తలంట్లు పోసుకుంటుంటే ఏమవుతుందో మీరే చూసుకోండి.

వెంటిలేటరుంది కదా అంటారు. ఉంది. మా ఊళ్ళో సాయంత్రం ఆరయితే దోమలు మనిషిని ఎత్తుకుపోతాయి. అంచేత వెంటిలేటరుకి ముందు వల, వలకి చిరుగుపడ్డాక అట్టముక్క. చలికాలం వస్తే అట్టముక్క మీద ఇంకో గుడ్డ. మా ఇంట్లోనూ ఉంది, నేనే స్వయంగా పీకాను. గీజరుతో వచ్చిన కాగితంలో "గాలి ధారాళంగా వచ్చే చోట బిగించవలెను" అని చిన్నక్షరాలతో ఉంటుంది. ఆ కాగితం చదివినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. బిగించేవాడికి గోడమీద రెండు మేకులు కనిపిస్తే చాలు.

గాలి తగ్గినకొద్దీ మంట సగం సగం మండి కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. సిలిండరు లీకైతే వచ్చే ఆ కుళ్ళు కంపు మనల్ని హెచ్చరించడానికి కావాలని కలిపింది. ఇది మంటలో కొత్తగా పుట్టే వాయువు కాబట్టి ఆ కంపు దీనికుండదు. నాన్నగారు "వాసనొస్తే నాకు తెలీదుట్రా" అన్నప్పుడు నాకు అన్నిటికన్నా భయమేసింది ఇందుకే. రక్తంలో హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌కన్నా దీన్ని రెండువందల రెట్లకి పైగా ఇష్టంగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత ఒళ్ళు తూలడం, తర్వాత పడిపోవడం. తలుపు లోపలినుంచి గడియ వేసుంటుంది. డెబ్భై ఏళ్ళ మనిషి స్నానాలగదిలో పడిపోతే ఇంట్లోవాళ్ళేమనుకుంటారు? బీపీ అనుకుంటారు, గుండెపోటు అనుకుంటారు, ఫిట్స్ అనుకుంటారు. మన దేశంలో నరాల డాక్టర్లు ఇలాంటి కేసులు చూసీ చూసీ దీనికి 'గ్యాస్ గీజర్ సిండ్రోమ్' అని పేరే పెట్టుకున్నారు. పేరు పెట్టాల్సినంత మంది వచ్చారంటే చూడండి.

అమెరికాలో ఇల్లు అద్దెకి తీసుకున్నవాళ్ళు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. అక్కడా గ్యాసుతోనే నీళ్ళు కాస్తారు చాలా ఇళ్ళల్లో. కానీ ఆ డ్రమ్ము గరాజులోనో విడిగా ఒక అరలోనో ఉంటుంది, దానిమీదనుంచి పొగగొట్టం ఇంటికప్పు దాటి పైకి పోతుంది. కాలిఫోర్నియాలో అయితే 2011 జులై నుంచి విడి ఇళ్ళకి కార్బన్ మోనాక్సైడు అలారం తప్పనిసరి చేశారు. సెలవులకి జనం లాక్కుపోయే క్యారవాన్ బళ్ళున్నాయి చూశారూ, ఈ కాలపు వాటిలో గ్యాసు హీటరుకి మంటగది మూసే ఉంటుంది. గాలి బండి బయటనుంచే, పొగ బండి బయటకే. అక్కడ అన్నీ చూసొచ్చి, ఇక్కడ అమ్మ తలమీద, బక్కెట్టు పక్కన, గొట్టం కూడా లేకుండా 12 కిలోవాట్ల మంట వేలాడదీస్తున్నాం.

కోనసీమవాళ్ళకి గ్యాసు సంగతి కొత్తగా చెప్పాలా? 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకి పైగా మండింది. 2014 జూన్ 27న నగరంలో గెయిల్ పైపులైను పేలి ఇరవైమందికి పైగా పోయారు. తెల్లారగట్ల టీకొట్టులో పొయ్యి వెలిగించడంతో అంటుకుందని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. పొలంలో పైపు గుర్తురాయి కనిపిస్తే ఇప్పటికీ మా వాళ్ళు దూరంగా నడుస్తారు. తప్పులేదు, చూసినవాళ్ళకి తెలుస్తుంది. కాకపోతే ఆ భయం భూమిలో ఉన్న గ్యాసు దగ్గరే ఆగిపోయింది. గోడకున్నదాని జోలికి రాలేదు.

సరే, కరెంటు గీజరు పెడితే అంతా సుఖమేనా అంటే, కాదు. ఇక్కడే మనవాళ్ళు రెండో పొరపాటు చేస్తారు. గీజరుకి ఫైవ్ స్టార్ చూసి కొంటారు, ఇంటి వైరింగుకి ఎన్ని స్టార్లో చూడరు. మా ఇల్లు పాతది. గోడమీద ప్లగ్గుకి మూడు బొక్కలున్నాయి, పై బొక్క వెనకాల వైరే లేదు! ఎర్తు ఏదయ్యా అని ఎలక్ట్రీషియన్నడిగితే "ఆయ్, అవసరం రాలేదండీ ఇన్నాళ్ళూ" అన్నాడు. తడినేల మీద, తడి ఒంటితో, ఎర్తు లేని గీజరు కింద నిలబడ్డం గ్యాసుకన్నా ఏం మెరుగు? అంచేత గీజరు ఆర్డరు పెట్టకముందే పెరట్లో ఎర్తు గొయ్యి తీయించాం. నాలుగడుగులు తవ్వితే తడి తగిలే నేల, ఆ విషయంలో అదృష్టవంతులం. మీటరు దగ్గర 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, గీజరుకి విడిగా ఎంసీబీ, అక్కణ్ణుంచి 4 స్క్వేర్ రాగి వైరు. మీటరుకున్న మంజూరు లోడు కూడా పెంచమని అర్జీ పెట్టాం. ఈ పనులన్నిటికీ అయిన ఖర్చు గీజరు ఖరీదుని దాటిపోయింది. దాటినా సరే, ఇది మాత్రం మిగుల్చుకునే డబ్బు కాదు.

ఇంకోటి, 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ల జోలికి పోకండి. ఊళ్ళల్లో ఓల్టేజి సంగతి మీకు తెలుసు. 230 ఉండాల్సింది సాయంత్రం పూట 180కి పడిపోతే, వేడి ఓల్టేజి వర్గంతో తగ్గుతుంది కాబట్టి 2 కిలోవాట్ల గీజరు 1.2 దగ్గర కూలబడుతుంది. 15 లీటర్ల ట్యాంకు 55 డిగ్రీలకి చేరడానికి పావుగంట బదులు 26 నిమిషాలు పడుతుంది, అంతే కదా. వేడెక్కాక చన్నీళ్ళు కలుపుకుంటే ఇద్దరికి చాలు. ట్యాంకున్న గీజరు ఆలస్యాన్ని తట్టుకుంటుంది, ఇన్‌స్టంట్‌ది గోరువెచ్చని నీళ్ళు పోసి తిట్లు తింటుంది. ఉదయం కాగాక కరెంటు పోయినా నీళ్ళు కొన్ని గంటలు వేడిగానే ఉంటాయి. నాన్నగారి మట్ట సమస్యకి సగం జవాబు అదే.

మిగతా సగానికి జవాబు మా పెరట్లోనే ఉంది. 1996 నవంబరు 6 తుఫాను చూసినవాళ్ళకి కరెంటు పోవడమంటే గంటా రెండు గంటలు కాదు. రోజులకి రోజులు స్తంభాలు నేలమీదే ఉన్నాయి. అలాంటప్పుడు గీజరూ లేదు, ఏదీ లేదు. కొబ్బరి డొక్కలకి కరువా అంబాజీపేటలో? అమ్మ కాపురానికొచ్చిన కొత్తలో కొన్న రాగి బాయిలరు అటకమీదుంది. దాన్ని దింపించి చింతపండుతో తోమించి పెరట్లో పెట్టించాను. నాన్నగారు అది చూశాకే ఒప్పుకున్నారు, నా లెక్కలు చూసి కాదు :)

పాత గ్యాసు గీజరు మాత్రం కొన్నాళ్ళు వరండాలో పడుంది. "పాడవలేదు కదా, ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నారు నాన్నగారు. మా దింపుతీసే అబ్బాయి అడిగాడు కూడా. వాళ్ళింట్లో స్నానాలగది మాదానికన్నా చిన్నది, దానికి కిటికీ అన్నదే లేదు. ఇవ్వనన్నాను, వాడికి కోపమొచ్చింది. ఎందుకో కూర్చోబెట్టి చెప్పేసరికి అరగంట పట్టింది. చివరికి దాన్ని మా పెరటిగోడకి, పై చూరు కింద, గిన్నెలు తోమే పంపు దగ్గర పెట్టించాం. మూడువైపులా ఆరుబయలే, అక్కడ ఎంతసేపు మండినా గాలికి లోటు లేదు. పనమ్మాయి చలికాలంలో వేడినీళ్ళతో గిన్నెలు తోముతోందిప్పుడు.