జోన్ పేజీ కూడా శాసనమే

1388లో పెనుకొండకు నీళ్లు తెచ్చే కాలువ తయారైంది. విజయనగరాన్ని రెండో హరిహరరాయలు ఏలుతున్న కాలమది. ఆయన కొడుకు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉండి పాలన చూస్తున్నాడు. జలసూత్రం తెలిసిన సింగయభట్టును పిలిచి, పెన్న నీళ్లు ఈ పట్టణానికి రావాలని చెప్పాడు. సింగయభట్టు కల్లుడి నుంచి సిరువెర చెరువు దాకా కాలువ తీయించాడు. ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని దానికి పేరు పెట్టి, జరిగిందంతా రాతి మీద చెక్కించాడు.

ఆ శాసనం కన్నడంలో ఉంది. దొరికింది గౌరిబిదనూరు తాలూకాలో. హిందూపురంలో బెంగళూరు రైలెక్కినవాళ్లు కాసేపట్లో దాటిపోయే ఊరే అది. 1905లో రైస్ దొర కోలారు జిల్లా శాసనాల సంపుటంలో దాన్ని అచ్చువేశాడు. సరిగ్గా అదే ఏడాది ఫ్రాన్సిస్ దొర అనంతపురం జిల్లా గెజిటీరు కూడా వెలువడింది. పెనుకొండ, హిందూపురం, ధర్మవరం అనే మన మూడు ఊళ్ల చరిత్ర రాయాలని ఎవరు కూర్చున్నా ఇప్పటికీ మొదట తెరిచేది ఇలాంటి పుస్తకాలనే.

ఈ శాసనాన్ని నేను వార్తగా చదువుతాను. పని ఎవరు చేయించారో, ఎవరు చేశారో, కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో, ఏ ఏడాది జరిగిందో, దాన్ని ఏమని పిలవాలో అన్నీ అందులో ఉన్నాయి. రాజు పేరుతోపాటు పనిమంతుడి పేరూ ఉంది. ఆరువందల ఏళ్లు గడిచాక కూడా ఆ నీళ్లు ఏ దిక్కు నుంచి వచ్చాయో మనం చెప్పగలుగుతున్నామంటే, ఆ రాసినవాడు ఊరివాళ్లకు ఏమేం తెలియాలో ఆలోచించి రాశాడు గనకే.

మన కాలంలోనూ పెనుకొండకు నీళ్లొచ్చాయి. శ్రీశైలం జలాశయం ఒడ్డున మాల్యాల దగ్గర ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు హంద్రీ-నీవా కాలువల మీదుగా గొల్లపల్లి రిజర్వాయరుకు చేరాయి. సింగయభట్టు చేసిన పనికంటే ఇది ఎన్నో రెట్లు పెద్దది. పెన్నలో నీళ్లు కరువైన చోటికి కృష్ణమ్మ రావడమంటే సీమవాసులకు తరాల కల. మరి ఈ కాలువకు సర్వే చేసిన ఇంజినీర్లెవరు? గొల్లపల్లి దగ్గర ఎవరెవరి భూములు మునిగాయి? మునిగినవాళ్లు తర్వాత ఎక్కడ కాపురం పెట్టారు? యాభై ఏళ్ల తర్వాత పుట్టే పిల్లవాడికి ఇవి తెలియాలంటే ఆధారం ఒక్కటే, ఆ రోజుల్లో మన ప్రాంతం వార్తల కోసమే దినపత్రికలు అచ్చువేసిన జోన్ పేజీలు. అవి ఎక్కడున్నాయన్నదే నా దిగులు.

జోన్ పేజీ విలువ బయటివాళ్లకు తొందరగా అర్థం కాదు. హిందూపురం బెంగళూరుకు వంద కిలోమీటర్ల దూరంలో ఉంది. మన ఊళ్ల పిల్లలు అక్కడ ఉద్యోగాలు చేస్తారు, మన రోగులు అక్కడి ఆసుపత్రులకు వెళతారు. అయినా బెంగళూరు పత్రికలకు మనం వేరే రాష్ట్రం. హైదరాబాదు, విజయవాడ పత్రికల మొదటి పేజీలకు చేరాలంటే ఇక్కడ పెద్ద ప్రమాదం జరగాలి, లేదా పెద్ద నాయకుడు రావాలి. మిగతా రోజుల్లో ఈ ఊళ్లలో జరిగే బతుకంతా రాసేది జోన్ పేజీ ఒక్కటే. 1989లో ‘ఈనాడు’ జిల్లాకొక చిన్న పత్రిక మొదలుపెట్టాక మిగతావాళ్లూ ఆ దారి పట్టారు. చదువరికి తన వీధి పేరును అచ్చులో చూసుకోవడం అప్పుడే అలవాటైంది.

ఆ పేజీల్లో ఏముండేదో చూడండి. హిందూపురం యార్డుకు వచ్చిన ఎండుమిర్చి, చింతపండు బస్తాలు, క్వింటా ధర. పట్టుగూళ్లు కిలో ఎంత పలికాయి. సబ్‌స్టేషన్లో మరమ్మతుల వల్ల ఏ వీధులకు కరెంటు ఉండదు. ఏ వార్డుకు ఎన్ని రోజులకొకసారి కొళాయి వస్తోంది. పెనుకొండ బాబయ్య దర్గా ఉరుసు ఎప్పుడు. కొండ దిగి ఎలుగుబంటి ఏ పల్లె చేలోకి వచ్చింది. ధర్మవరంలో ముడిపట్టు ధర పెరిగిందని నేతగాళ్ల ధర్నా. తప్పిపోయిన ముసలాయన ఫోటో, కింద బంధువుల విజ్ఞప్తి. ఒక్కో రోజు పేజీ చూస్తే ఇవన్నీ చిల్లర సంగతులే. ముప్పై ఏళ్ల పేజీలు వరసగా పెట్టుకుని చూస్తే మాత్రం, ఏ కరువులో కొళాయి పదిరోజులకొకసారికి వెళ్లిందో, ఏ ఏడాది పట్టుగూళ్ల ధర పడిపోయి రైతు మల్బరీ తోట పీకేశాడో కళ్లకు కడుతుంది. ఇంత వివరంగా ఈ సంగతులు రాసిపెట్టిన సర్కారు దస్తావేజు ఏదీ నాకు తెలియదు.

ధర్మవరం సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ఆ ఊరి పేరుకు క్రియాశక్తి ఒడయరు తల్లి ధర్మాంబను కారణంగా చెబుతారు. పెద్ద చెరువు ఆయన కట్టించిందే అంటారు. ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో ఇక్కడే పుట్టారు. ఆయన నాటకాలు ఎక్కువగా బళ్లారిలో సాగాయి గనక ఊరికి పేరు మాత్రం మిగిలింది. ఇక పట్టుచీర. ధర్మవరం పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. లేపాక్షి గుడి కప్పు మీది చిత్రాల్లో ఉన్న చీరల అంచులు, లతలు, హంసలు ఇక్కడి మగ్గాల మీదికి వచ్చాయని గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. కానీ ఆ చీర నేసే ఇల్లు ఎలా ఉంటుంది? నడిమింట్లోనే గుంత. గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని తొక్కుడు చెక్కల మీద పాదాలాడిస్తూ నేయాలి. గట్టి వాన పడితే గుంతలో నీళ్లూరతాయి. పోగు చెమ్మ పట్టి పని ఆగుతుంది. ఆగినన్నాళ్లూ కూలి లేదు. పక్క వీధిలో మరమగ్గం మీద అదే డిజైను గంటల్లో తయారై, చేనేత పేరుతోనే అమ్ముడుపోతుంది. 1985లో చేనేతకు కొన్ని రకాలను రిజర్వు చేస్తూ చట్టం వచ్చినా, వీధిలో దాన్ని అమలు చేసేవాళ్లు కరువు.

అప్పులు తీర్చలేక ప్రాణం తీసుకున్న నేతగాళ్ల వార్తలు జోన్ పేజీల్లో ఒక్క కాలమ్‌లో వచ్చేవి. పేరు, వయసు, ఏ వీధి, ఎంత అప్పు, భార్య, ఎంతమంది పిల్లలు. అయిదారు వాక్యాలు. రాష్ట్రం పేజీలోకి అవి ఎప్పుడో గాని రాలేదు. ఆ కాలమ్‌లన్నీ కత్తిరించి ఒక్కచోట పెడితే, రెండు మూడు దశాబ్దాల చేనేత సంక్షోభానికి అంతకు మించిన సాక్ష్యం ఉండదు. చీర గొప్పతనం మీద పుస్తకాలు వస్తాయి, ఎగ్జిబిషన్లు జరుగుతాయి. నేసినవాళ్ల పేర్లు మాత్రం ఆ ఒక్క కాలమ్ వార్తల్లోనే ఉన్నాయి. అవి పోతే ఆ మనుషులు రెండోసారి పోయినట్టే.

పెనుకొండకు చరిత్ర లోటేమీ లేదని అందరూ అనుకుంటారు. 1565లో తల్లికోట యుద్ధం తర్వాత తిరుమలరాయలు రాజధానిని అక్కడికి తెచ్చాడు. గగనమహలు, షేర్‌ఖాన్ మసీదు, పార్శ్వనాథుడి బసది, పక్కపక్కనే నిలిచిన రాముడి గుడి, శివుడి గుడి ఒక చుట్టు నడకలోనే ఉన్నాయి. పుట్టపర్తి నారాయణాచార్యులు చిన్నప్పుడే ఆ శిథిలాల మధ్య తిరిగి ‘పెనుగొండలక్ష్మి’ కావ్యం రాశారు. తర్వాత ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు ఆ పుస్తకమే ఆయనకు పాఠ్యగ్రంథమైంది. అంతటి ఊరికి నాలుగు అడుగుల దూరంలో ఎర్రమంచి ఉంది. 2017లో కియా కంపెనీతో ఒప్పందం కుదిరింది, 2019లో అక్కడి నుంచి కార్లు బయటికొచ్చాయి. ఏటా మూడు లక్షల కార్లు చేయగలిగేలా కట్టిన కర్మాగారమది. కొరియా లిపిలో బోర్డులు, కొరియా వంటల హోటళ్లు సీమ రోడ్డు మీద వెలిశాయి. తిరుమలరాయల తర్వాత ఈ ఊరు ఇంతగా మారింది మన కళ్ల ముందే. ఫ్యాక్టరీ కట్టకముందు ఆ నేలలో ఏ పంటలు పండాయి, ఎవరు ఎంతకు ఇచ్చారు, ఆ డబ్బుతో ఏం చేశారు, వాళ్ల పిల్లలకు లోపల ఉద్యోగాలు దొరికాయా? గగనమహలు కట్టిన రాయి గురించి చెప్పే మనం ఎర్రమంచి రైతు గురించి చెప్పలేకపోతే మనకు చరిత్ర మీద ఉన్న ప్రేమ సగమే.

కష్టకాలంలోనూ అంతే. 2012 మే 22 తెల్లవారకముందే హంపి ఎక్స్‌ప్రెస్ పెనుకొండ స్టేషన్లో గూడ్సు రైలును ఢీకొంది. ఇరవైమందికి పైగా పోయారు. 2015 జనవరి 7న మడకశిర నుంచి పెనుకొండకు వస్తున్న పల్లెవెలుగు బస్సు లోయలో పడింది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది చదువుకునే పిల్లలు. ఆ రెండు మూడు రోజులు దేశమంతా పెనుకొండ పేరు పలికింది. కెమెరాలు వెళ్లిపోయాక ఏ ఇంట్లో ఏమైందో రాసేందుకు మిగిలేది పత్రికకు ఊరి వార్తలు పంపే మండల కంట్రిబ్యూటరే.

ఆ కంట్రిబ్యూటరు మీద చాలా బరువు పెట్టారు, సరిపడా కూలి ఇవ్వలేదు. లైన్ అకౌంటు మీద బతికిన మనుషులు వీళ్లు. అచ్చయిన వార్తను కొలిచి డబ్బు లెక్కగట్టేవారు. పైగా పండగలకు, నాయకుల పుట్టినరోజులకు ప్రకటనలు తెమ్మనేవారు. ప్రకటన ఇచ్చినాయన మీద మర్నాడు వార్త రాయడం ఎవరి తరం? అందుకే పేజీల్లో దండల ఫోటోలు పెరిగాయి. ‘పలువురు పాల్గొన్నారు’ అనే వాక్యం పెరిగింది. ఎంత ఖర్చు, ఎవరి పని, ఎప్పటికి పూర్తి అన్న ప్రశ్నలు తగ్గాయి. సింగయభట్టు శాసనం పక్కన పెడితే నేటి శంకుస్థాపన వార్త వెలవెలబోయేది ఇక్కడే. తప్పు కంట్రిబ్యూటరుది అనను. అతడికి నెల జీతం ఇచ్చి, ప్రకటనల పని తప్పిస్తే అతడే రాస్తాడు.

2022లో ఊరి సంగతులు రాసి దాచుకోని లోటు అందరికీ తెలిసొచ్చింది. జనవరి చివర కొత్త జిల్లాల ముసాయిదా వచ్చింది, అభ్యంతరాలకు నెల గడువిచ్చారు. పుట్టపర్తి కేంద్రంగా జిల్లా అన్నారు. జిల్లాలోకెల్లా పెద్ద పట్టణం మాదే, కేంద్రం ఇక్కడే ఉండాలని హిందూపురం రోడ్డెక్కింది. ఎమ్మెల్యే బాలకృష్ణ మౌనదీక్ష చేశారు. తన రెవెన్యూ డివిజను పోకూడదని ధర్మవరం పట్టుబట్టింది. ఆ నెలంతా మూడు ఊళ్లలోనూ పాత సంగతులు తవ్వుకున్నారు. మున్సిపాలిటీ ఎప్పటిది, కోర్టు ఎప్పుడొచ్చింది, రైలు ఎప్పుడొచ్చింది అంటూ అర్జీల్లో రాయడానికి తేదీలు కావలసి వచ్చాయి. తలా ఒక తేదీ చెప్పారు. ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా పుట్టపర్తి కేంద్రంగానే మొదలైంది. తేదీలు సరిగ్గా ఉంటే నిర్ణయం మారేదని నేననను. కానీ అర్జీ పెట్టుకునే ఊరు తన సంగతి తాను ఆధారంతో చెప్పగలగాలి. 1926లో అనంతపురంలో ‘శ్రీసాధన’ పత్రిక పెట్టిన పప్పూరు రామాచార్యులకు ఈ సంగతి బాగా తెలుసు. 1937లో కోస్తా, సీమ నాయకులు కుదుర్చుకున్న శ్రీబాగ్ ఒడంబడిక మీద కల్లూరు సుబ్బారావుతోపాటు ఆ జిల్లా పత్రిక సంపాదకుడూ సంతకం చేశారు. జిల్లా వార్తలు రాసే మనిషి మాటకు అంత బరువుండేది.

రెండువందల ఏళ్ల కింద మెకంజీ దొర మనుషులు ఊరూరా తిరిగి, కరణాలను అడిగి కైఫియత్తులు రాయించారు. ఏ చెరువు ఎవరు కట్టారు, ఏ గుడికి ఏ మాన్యం, ఏ పాళెగాడు ఎప్పుడు దోచాడు అని. బ్రౌన్ దొర వాటికి నకళ్లు తీయించాడు. తాటాకు, చేతికాగితం మీది ఆ రాతలు నేటికీ మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. 1992 నాటి హిందూపురం జోన్ పేజీ కావాలంటే మాత్రం హిందూపురంలో ఎవరిని అడగాలో తెలియదు. మన శాఖా గ్రంథాలయాల్లో పాత పేపర్లు కొన్నాళ్లకు తూకానికి పోతాయి. కొట్లలో బెల్లం, చింతపండు పొట్లాలవుతాయి. కరోనా ఏడాదిలో జిల్లా టాబ్లాయిడ్లు కూడా ఆగిపోయి, మెయిన్ పేపర్లోని ఒకటి రెండు పేజీలకు కుదించుకుపోయాయి. ముప్పై ఏళ్లు నడిచిన ఒక వ్యవస్థ ముగిసింది. దాని కాపీ మాత్రం మన ఊళ్ల గ్రంథాలయాల్లో లేదు.

ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. 1960 నాటి చట్టం ప్రకారం వసూలయ్యే డబ్బు అది. దానిలోంచి మూడు ఊళ్ల గ్రంథాలయాల్లో ఒక్కో బీరువా, ఏడాదికి రెండు బైండింగులు అడగడం పెద్ద కోరిక కాదు. రోజూ వచ్చే జిల్లా పేజీని తేదీతోసహా ఫోనులో ఫోటో తీసి దాచే పని ఒక కాలేజీ విద్యార్థికి అప్పజెప్పవచ్చు. రిటైరైన కంట్రిబ్యూటర్ల ఇళ్లలో, పాత ఏజెంట్ల అటకల మీద కట్టలుంటాయి. చెదలు వాటినీ వదలవు, న్యూస్‌ప్రింటు పాతబడితే వేలు తగిలినా విరిగిపోతుంది. కాబట్టి ఇది వచ్చే ఏడాదికి వాయిదా వేసే పని కాదు. మీ ఇంట్లో 1989 నుంచి 2020 దాకా ఏ ఏడాదివైనా అనంతపురం జిల్లా టాబ్లాయిడ్లు ఉంటే, పాత పేపర్లవాడికి ఇచ్చేముందు మీ శాఖా గ్రంథాలయంలో ఒక మాట చెప్పండి. వాళ్లు తీసుకోకపోతే ఈ పత్రికకు ఒక కార్డు రాయండి. ఎవరింట్లో ఏ ఏళ్లవి ఉన్నాయో ఆ జాబితా ఈ శీర్షికలోనే వేస్తాను.